బీరువా అడుగు అరలోనే మీ తొలి స్టూడియో!

కొత్తగా కెమెరా చేతికొచ్చిన వారం రోజులు అందరిదీ ఒకటే వరస. డాబా మీద నుంచి సూర్యాస్తమయం, పెరట్లో మందారం, గోడెక్కిన పక్కింటి పిల్లి. ఎనిమిదో రోజుకి తీయడానికి ఏమీ మిగలదు. ‘పోర్ట్రెయిట్లు తీద్దామంటే మోడల్‌ లేదు, స్టూడియో అద్దెకి డబ్బుల్లేవు’ అనుకుంటూ కెమెరాని బీరువాలో పెట్టేస్తాం.

తలుపు వేసేముందు ఒక్కసారి ఆ బీరువా అడుగు అరలోకి చూడండి. తాతయ్య చేతిగడియారం ఉంటుంది, ఎప్పుడో ఆగిపోయి. అమ్మమ్మ కుంకుమ భరిణె, నాన్న చదువుకునే రోజుల నాటి జామెట్రీ బాక్సు, రబ్బరు బ్యాండు వేసిన ఇన్‌లాండ్‌ లెటర్ల కట్ట, ఒక కాడ విరిగిన కళ్లజోడు. పారేయడానికి ఎవరికీ మనసొప్పదు, వాడుకోవడానికి పనికిరావు. స్టిల్‌ లైఫ్‌, పోర్ట్రెయిట్‌ నేర్చుకోవాలనుకునే వాళ్లకి ఇంతకన్నా మంచి సరంజామా బజార్లో దొరకదు.

నా సంగతే చెబుతా. ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్నానని ఊరంతా చెప్పుకుని తిరిగిన రోజుల్లో మా నాయనమ్మ పోయింది. దండ వేయడానికి ఫొటో కావాలన్నారు. నా హార్డ్‌డిస్కులో గోదావరి గట్టు మీద తీసిన సూర్యోదయాలు నాలుగొందలున్నాయి, నాయనమ్మ ఒక్కటీ లేదు. చివరికి బాబాయి పెళ్లి గ్రూపు ఫొటోలో మూడో వరసలో ఉన్న ముఖాన్ని కత్తిరించి స్టూడియోకి ఇచ్చాం. వాళ్లు దాన్ని పెద్దది చేసి, కింద కంప్యూటర్లో ఉన్న ఏదో పట్టుచీర అతికించి ఇచ్చారు. నేత చీర తప్ప కట్టని మనిషి ఇప్పుడు మా హాల్లో ఎవరిదో ఎర్ర పట్టుచీరలో ఉంది. జాగ్రత్తగా చూస్తే ఎడమ చెవి పక్కన ఇంకెవరివో రెండు వేళ్లు కూడా కనిపిస్తాయి.

మీ ఇంట్లో గోడ మీదున్న ఫొటోల్లో ఇలాంటిది ఒక్కటైనా ఉండే ఉంటుంది. అందుకే ఈ పాఠం ఇంట్లో నుంచే మొదలుపెడదాం.

వస్తువుతో మొదలుపెట్టండి

మనిషి ముఖం జోలికి వెంటనే వెళ్లొద్దు. రెండు నిమిషాలకి ‘అయిందా?’ అంటారు, అయిదో నిమిషానికి లేచి వెళ్లిపోతారు. మీకేమో ఇంకా ఎక్స్‌పోజరే కుదరదు. గడియారానికి ఆ తొందర లేదు. గంటసేపు అటూ ఇటూ తిప్పినా విసుక్కోదు. స్టిల్‌ లైఫ్‌లో ఉన్న సుఖం అదే.

ఒకే ఒక్క వస్తువు తీసుకోండి. పది వస్తువుల్ని ఒక్కోసారి తీయడం కన్నా ఒకే వస్తువుని వారం పాటు రోజూ ఇరవై నిమిషాలు తీస్తే ఎక్కువ వస్తుంది. పొద్దున ఏడింటికి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టే ముందు ఒకసారి తీసి పక్కపక్కన పెట్టుకోండి. అదే గడియారం మూడు రకాలుగా ఉంటుంది. వెలుగుని చూడటం అలవాటయ్యేది ఇలాగే.

ఇక లైట్ల సంగతి. కొనకండి, ఇంట్లో ఒక్క కిటికీ చాలు. ఉత్తరం వైపు కిటికీ ఉంటే అదృష్టమే, నేరుగా ఎండ పడే వేళలు తక్కువ కాబట్టి వెలుగు మెత్తగా ఉంటుంది. తూర్పు కిటికీయే ఉంటే పల్చటి తెల్ల పంచె అడ్డం కట్టండి. గదిలో ట్యూబులైటు, బల్బు అన్నీ ఆర్పేయాలి. ఇది చాలామంది మర్చిపోతారు. కిటికీ వెలుగు నీలం వైపు, పాత బల్బు పసుపు వైపు లాగుతాయి. రెండూ కలిస్తే వస్తువు సగం ఒక రంగు, సగం ఇంకో రంగు. ఆ తర్వాత ఏ యాప్‌లోనూ అది సరిగా బాగుపడదు.

కిటికీకి పక్కగా చిన్న బల్ల వేసి, వెలుగు ఒక వైపు నుంచి పడేలా వస్తువుని పెట్టండి. రెండో వైపు నీడ మరీ నల్లగా ఉందా? తెల్ల థర్మోకోల్‌ ముక్క ఆ పక్కన నిలబెట్టండి, నీడ తేలికవుతుంది. ఇంకా చిక్కగా కావాలా? థర్మోకోల్‌ స్థానంలో నల్ల గొడుగు తెరిచి పెట్టండి. వేల రూపాయల స్టూడియో సామాను చేసే పనిలో సగం ఈ రెండూ చేసేస్తాయి.

కెమెరా ఉంటే ట్రైపాడ్‌ మీద పెట్టి, ఐఎస్‌వో 100, అపెర్చర్‌ ఎఫ్‌/8 దగ్గర మొదలుపెట్టండి. షట్టర్‌ ఎంత నెమ్మదైనా పర్లేదు, వస్తువు కదలదు కదా. నొక్కేటప్పుడు మీ చెయ్యి కదలకుండా రెండు సెకన్ల టైమర్‌ పెట్టుకోండి. ఫోనయితే పుస్తకాల దొంతరకి ఆనించండి. తెర మీద వస్తువుని కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకస్‌, ఎక్స్‌పోజర్‌ లాక్‌ అవుతాయి. తర్వాత వేలితో కిందికి జరిపి వెలుగు కొంచెం తగ్గించండి. ఫోన్లకి అన్నిటినీ తెల్లగా వెలిగించేయాలనే ఆత్రం ఎక్కువ. పాత వస్తువులకి నీడే అందం.

వెనకాల ఏం ఉండాలన్నది పెద్ద చర్చేమీ కాదు. జరీ లేని ముదురు రంగు చీర, చాప, పాత టేకు తలుపు, సున్నం గోడ.. ఏదైనా సరే. పూల దుప్పటి, క్యాలెండరు మాత్రం వద్దు.

ఒక్కో వస్తువుకి ఒక్కో తిక్క

ఇత్తడి చెంబుని తీసి చూడండి. ఫొటోలో చెంబు కన్నా ముందు మీరే కనిపిస్తారు, చారల టీషర్టుతో సహా. మెరిసే లోహాన్ని ఫొటో తీయడమంటే దాని చుట్టూ ఉన్న గదిని తీయడమే. అందుకే చెంబు మీద వెలుగు ఎలా పడుతోందన్నది వదిలేసి, చెంబులో ఏం ప్రతిఫలిస్తోందో చూడండి. నల్ల చొక్కా వేసుకుని కొంచెం దూరంగా నిలబడి జూమ్‌ చేయండి. ఒక పక్కన తెల్ల దుప్పటి వేలాడదీస్తే చెంబు అంచు వెంట పొడుగాటి తెల్లగీత వస్తుంది. గుండ్రదనం తెలిసేది ఆ గీతతోనే. నగల ఫొటోలు తీసేవాళ్లు రోజంతా చేసే పని ఇదే, కాకపోతే ఇంకాస్త చిన్న సైజులో.

అన్నట్టు, ఫొటో కోసమని చెంబుని చింతపండుతో తోమేయకండి! తోమితే దుకాణంలో చెంబు అవుతుంది. మెడ దగ్గర పట్టిన నలుపు, అడుగున సొట్ట, చెక్కించిన ముత్తాత పేరు ఉంటేనే అది మీ ఇంటి చెంబు.

గాజుసీసాకి ముందు నుంచి వెలుగు పనికిరాదు. కిటికీకి ఎదురుగా, వెలుగు సీసా వెనక నుంచి వచ్చేలా పెట్టాలి. నేత చీరకి వెలుగు బాగా ఏటవాలుగా, దాదాపు బట్టని రాసుకుంటూ వెళ్లినట్టు పడాలి. అప్పుడే పోగుపోగూ లేచి కనిపిస్తుంది. పాత ఉత్తరాల మీద నలిగిన మడతలకీ ఇదే సూత్రం. అదే పాత ఆల్బంలోని ఫొటోకి కాపీ తీస్తున్నప్పుడు మాత్రం తిరగబడుతుంది. రెండు వైపుల నుంచీ సమానంగా, సుమారు 45 డిగ్రీల కోణంలో వెలుగు రావాలి, లేకపోతే నిగనిగ మెరిసే మచ్చ పడుతుంది.

చేతిగడియారం గురించి ఒక మాట. ప్రకటనల్లో గడియారాలన్నీ దాదాపు 10 గంటల 10 నిమిషాలే చూపిస్తాయి, గమనించారా? ముళ్లు రెండూ చెరోవైపు ఉండి కంపెనీ పేరు కనబడుతుందని అలా పెడతారు. ఉత్పత్తి ఫొటోకి అది సరే. 1961లో బెంగళూరులో గడియారాల తయారీ మొదలుపెట్టిన హెచ్‌ఎంటీ వాచీ మన తాతల తరంలో చాలామంది చేతికి ఉండేది. పెళ్లికో, తొలి జీతంతోనో వచ్చేది. అది మీ ఇంట్లో నాలుగుంపావు దగ్గర ఆగిపోయి ఉంటే దాన్ని నాలుగుంపావు దగ్గరే ఉండనివ్వండి.

ఇదంతా పనికొచ్చే విద్యేనా అని అనుమానమా? చెకోస్లవేకియా ఫొటోగ్రాఫర్‌ జోసెఫ్‌ సుడెక్‌ మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. 1940ల్లో ప్రాగ్‌ నగరం నాజీల ఆక్రమణలో ఉన్నప్పుడు ఆయన తన స్టూడియో కిటికీ దగ్గరే కూర్చుని గ్లాసుడు నీళ్లు, ఒక గుడ్డు, రొట్టెముక్క లాంటివి పెట్టి తీస్తూ పోయాడు. ఏళ్ల తరబడి అదే కిటికీ. ఆ ఫొటోలు ఇవాళ ప్రపంచంలోని పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి.

మన విషయానికి ఇంకా దగ్గరగా వచ్చేది జపాన్‌కి చెందిన ఇషియుచి మియాకో. 2000లో ఆమె తల్లి చనిపోయింది. తల్లీకూతుళ్లకి మధ్య అంత చనువు ఉండేది కాదట. అమ్మ వస్తువుల్ని పారేయలేక ఒక్కొక్కటే ఫొటో తీయడం మొదలుపెట్టింది: సగం అరిగిన లిప్‌స్టిక్‌, వెంట్రుకలు చిక్కుకున్న దువ్వెన, కట్టుడు పళ్లు, వెలుగుకి ఎదురుగా పట్టిన పల్చటి లోదుస్తులు. అందులో అలంకారం ఏమీ లేదు. ‘మదర్స్‌’ పేరుతో వచ్చిన ఆ ఫొటోలు 2005 వెనిస్‌ బినాలేలో జపాన్‌ తరఫున ప్రదర్శనకి వెళ్లాయి. తర్వాత హిరోషిమా బాంబు దాడిలో చనిపోయినవారి దుస్తుల్ని కూడా ఆమె ఇదే చూపుతో తీసింది. 2014లో హాసెల్‌బ్లాడ్‌ అవార్డు అందుకుంది. ఇంటర్నెట్‌లో ఆ దువ్వెన ఫొటో వెతికి అయిదు నిమిషాలు చూడండి. ఇందులో మనిషి లేదు కాబట్టి ఇది పోర్ట్రెయిట్‌ కాదని ఎవరైనా అనగలరా?

తర్వాత చేతులు.. ఆ తర్వాతే ముఖం

వస్తువు పట్టుబడ్డాక ఒక్క మెట్టు ఎక్కండి. ఆ వస్తువుని దాని మనిషి చేతిలో పెట్టండి. ముఖం వద్దు, చేతులు మాత్రమే. తాళాల గుత్తి పట్టుకున్న అమ్మమ్మ వేళ్లు, గడియారానికి కీ ఇస్తున్న తాతయ్య బొటనవేలు. ఇప్పుడు వస్తువు కదులుతుంది కాబట్టి షట్టర్‌ 1/125 కన్నా తగ్గనివ్వొద్దు. అవసరమైతే ఐఎస్‌వో పెంచుకోండి, కాస్త గ్రెయిన్‌ వస్తే నష్టమేం లేదు.

చేతులు తీస్తున్నానంటే పెద్దవాళ్లు బిగుసుకోరు. ‘నా మొహం ఏం ఫొటోరా, ముసలిదాన్ని’ అనే అమ్మమ్మ కూడా చేతులు చాపుతుంది. ఫొటోలు తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని నమ్మే తరం ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది, వాళ్లని వెక్కిరించకండి. అక్కడ చేతుల దగ్గరే ఆగిపోయినా ఆగిపోవచ్చు.

ఆపైన పాతకాలపు స్టూడియో ఫొటో ఒకటి ముందు పెట్టుకుని చూడండి. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్‌ రాజా దీన్‌దయాళ్‌ సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన కాలం నుంచి, మన అమ్మానాన్నల పెళ్లి రోజుల దాకా స్టూడియోల్లో ఒక పద్ధతి ఉండేది. గీసిన తెర, పక్కన స్టూలు, దాని మీద పూలకుండీయో టెలిఫోనో. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషికి అది ఆసరా. కాకపోతే ఆ ఫోను స్టూడియోవాళ్లది, దానికీ ఆ మనిషికీ సంబంధం లేదు. మీ దగ్గరున్న వస్తువు అలాంటిది కాదు. దాని మీద చెయ్యి పడగానే మనిషి మాట్లాడటం మొదలుపెడతాడు.

కిటకంతా ఇక్కడే ఉంది. ‘నవ్వు తాతయ్యా’ అంటే పళ్లు కనిపిస్తాయి తప్ప నవ్వు రాదు. ‘తాతయ్యా, ఈ వాచీ ఎంతకి కొన్నావు?’ అని అడగండి. ధర చెబుతాడు, కొన్న ఊరు చెబుతాడు, ఆ రోజు బస్సు తప్పిపోయిన సంగతి చెబుతాడు. కెమెరా సంగతి మర్చిపోతాడు. చెప్పడం ఆపి, గుర్తు చేసుకుంటూ కిటికీ వైపు చూసే ఆ రెండు మూడు సెకన్లే మీవి. అందుకని ముందే అన్నీ సెట్‌ చేసి పెట్టుకోవాలి. ఆయన మాట్లాడుతున్నప్పుడు మీరు మెనూలో వెతుక్కుంటూ కూర్చుంటే రెంటికీ చెడ్డట్టే.

సెట్టింగుల మాటా చెప్పుకొందాం. మనిషిని కిటికీకి దగ్గరగా, పక్కకి తిప్పి కూర్చోబెట్టండి. దగ్గరగా కూర్చుంటే ముఖం వెలిగి వెనక గోడ చీకట్లోకి జారిపోతుంది, గది మధ్యకి జరిపితే రెండూ చప్పగా ఒకేలా ఉంటాయి. ఫోకస్‌ మీకు దగ్గరగా ఉన్న కంటి మీద. కళ్లజోడులో కిటికీ మెరుస్తుంటే గడ్డం కొంచెం కిందికి దించమనండి, లేదా చెవుల దగ్గర కాడలు అర అంగుళం పైకి లేపండి. జోడు మాత్రం తీసేయమనకండి. నలభై ఏళ్లుగా జోడుతో ఉన్న మనిషి అది లేకపోతే వేరే మనిషిలా ఉంటారు.

ఫోన్‌తో తీస్తే మరీ దగ్గరికి వెళ్లొద్దు. ఫోన్‌ మెయిన్‌ కెమెరా వెడల్పు లెన్సు కావడంతో దగ్గర్నుంచి తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టుగా వస్తాయి. అయిదారు అడుగులు వెనక్కి వచ్చి 2ఎక్స్‌లో తీయండి. కెమెరా ఉన్నవాళ్లకి 50 ఎంఎం లెన్సు చాలు. ఫోన్లో పోర్ట్రెయిట్‌ మోడ్‌ వాడితే అంచులు గమనించండి. అమ్మమ్మ బుట్టల్లో ఒకటి, నెరిసిన వెంట్రుకలు కొన్ని ఆ మసకలో కొట్టుకుపోతాయి. ముడతలు తుడిచేసే బ్యూటీ ఫిల్టరు గురించి చెప్పనే అక్కర్లేదు, ముందు దాన్ని ఆపేయండి.

అడిగి తీయండి

మీకు అందంగా కనిపించిన వస్తువు వాళ్లకి నొప్పి కావచ్చు. కుంకుమ భరిణె మంచి ఫ్రేమే. ఆ భరిణె తెరవడం మానేసి ఎన్నేళ్లయిందో అమ్మమ్మనే అడగాలి. వద్దంటే వద్దు, మళ్లీ బతిమాలొద్దు. వస్తువు తీయడానికి ఒప్పుకున్నారంటే ఇన్‌స్టాలో పెట్టడానికీ ఒప్పుకున్నట్టు కాదు. అది విడిగా అడగాలి, ఫొటో చూపించి మరీ. నగలు, ఇంటి తలుపులు, నంబర్లు కనిపించే కాగితాలు బయటపెట్టే ముందు రెండుసార్లు ఆలోచించండి.

తీసిన రోజే నాలుగు ముక్కలు రాసి పెట్టుకోండి: ఎవరిది, ఎక్కడ కొన్నది, ఎప్పుడు, ఎవరిచ్చారు. మాట్లాడేటప్పుడు వాయిస్‌ రికార్డర్‌ ఆన్‌ చేస్తే ఇంకా మంచిది (చెప్పి చేయండి). రెండేళ్ల తర్వాత ఆ చెంబు పెద్దమ్మమ్మ వాళ్లదా, తాతయ్య తరఫుదా అని మీరే తడబడతారు. చెప్పేవాళ్లు అప్పటికి ఉండాలని లేదు. ఫైళ్లు మూడు చోట్ల దాచండి. రెండు వేర్వేరు డిస్కుల్లో, మూడోది ఇంటికి బయట, క్లౌడ్‌లో అయినా సరే. ఫోను నీళ్లలో పడి మొత్తం పోగొట్టుకున్నవాళ్లని అడిగితే చెబుతారు.

ఇది కొలువుకి దారేనా?

నేరుగా కాదు. నిజం చెప్పాలంటే అమ్మమ్మ తాళాల గుత్తి ఫొటోకి ఎవరూ డబ్బులివ్వరు. కానీ దాంతో నేర్చుకున్న పనికి ఇస్తారు. ఇత్తడి చెంబులో ప్రతిఫలాల్ని అదుపు చేయగలిగినవాళ్లు నగల ఫొటోలు తీయగలరు. నేత చీరని ఏటవాలు వెలుగులో తీసినవాళ్లకి ఆన్‌లైన్లో అమ్ముకునే చేనేతవాళ్ల అవసరం ఏమిటో తెలుస్తుంది. పోచంపల్లి, మంగళగిరి, గద్వాల చీరలు అమ్మే చిన్న పేజీల్లో ఫొటోలు ఒకసారి చూడండి, ఎక్కడ పని ఉందో మీకే అర్థమవుతుంది. ఈ-కామర్స్‌ కేటలాగులు, ఆహార ఫొటోలు, మ్యూజియం వస్తువుల డాక్యుమెంటేషన్‌.. ఇవన్నీ స్టిల్‌ లైఫ్‌ పునాది మీద నడిచేవే. పెళ్లిళ్ల ఫొటోగ్రఫీలోకి వెళ్లినా పెద్దవాళ్లని మాటల్లో పెట్టి సహజంగా తీసే నేర్పు అక్కరకొస్తుంది. చేతినిండా పని రావడానికి మాత్రం సమయం పడుతుంది, మొదటి ఏడాది లెక్కలేసుకోకండి.

చదువుకోవాలనుకుంటే హైదరాబాద్‌ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్‌ నెహ్రూ ఆర్కిటెక్చర్‌ అండ్‌ ఫైన్‌ ఆర్ట్స్‌ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీలో బీఎఫ్‌ఏ ఉంది, ప్రవేశపరీక్ష రాయాలి. నేషనల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ డిజైన్‌లో పీజీ స్థాయిలో ఫొటోగ్రఫీ డిజైన్‌ కోర్సు నడుస్తోంది. అర్హతలు, సీట్లు నోటిఫికేషన్‌ వచ్చినప్పుడు చూసుకోండి. ఇలాంటి చోట్లకైనా, ఉద్యోగానికైనా పోర్ట్‌ఫోలియో పట్టుకెళ్లినప్పుడు చార్మినార్‌ సూర్యాస్తమయం అందరి దగ్గరా ఉంటుంది. మీ ముత్తాత పేరు చెక్కిన చెంబు మాత్రం మీ ఒక్కరి దగ్గరే ఉంటుంది. అయితే ముప్పై ఫొటోలు వద్దు, పన్నెండు చాలు. ఒకే ఇల్లు, ఒకే కిటికీ, వస్తువులు, చేతులు, ముఖాలు.

చివరి పని ఒకటి మిగిలింది. ఆ పన్నెండింటినీ ప్రింటు వేయించండి. తెర మీద చూపిస్తే పెద్దవాళ్లు ‘బాగుంది’ అని ఫోన్‌ తిరిగిచ్చేస్తారు. కాగితం మీద ఇస్తే ఒళ్లో పెట్టుకుని చూస్తారు, జోడు తెచ్చుకుని మళ్లీ చూస్తారు. నాయనమ్మ విషయంలో ఆలస్యం చేసిన నేను, ఆ తర్వాత అమ్మమ్మని తీశాను. వంటింటి కిటికీ పక్కన, చేతిలో పోపులపెట్టెతో. ప్రింటు ఇస్తే చాలాసేపు చూసి, ‘చీర మరీ పాతది కట్టుకున్నానే’ అంది. మధ్యాహ్నం మళ్లీ పిలిచి, పెద్దకూతురికి కూడా ఒకటి పంపాలి, ఇంకో కాపీ కడిగించుకు రమ్మంది.